మూడింట రెండు వంతులు

నా బల్ల సొరుగులో ఒక అగ్గిపెట్టె ఉంది. అందులో పుల్లలు లేవు. వడ్లగింజంత గాజుగొట్టం, దానికి అటూ ఇటూ నలుపు తిరిగిన రెండు సన్నని తీగలు, అంతే. రేడియోల మరమ్మత్తు తెలిసిన పాతకాలపువారికి చూపిస్తే వెంటనే గుర్తుపడతారు: ఓఏ79, జెర్మేనియం డయోడు. ఒకప్పుడు కోఠీలోని గుజరాతీ గల్లీలో చిల్లర డబ్బులకు దొరికిన వస్తువు. ముప్పై అయిదేళ్లుగా ఇల్లు మారినా, ఊరు మారినా దీన్ని వెంట మోసుకు తిరుగుతున్నాను. మా ఆవిడ రెండుసార్లు పారవేయబోయి, నా ముఖం చూసి మానుకుంది. ఆమెకు కూడా పూర్తిగా చెప్పని సంగతి ఇప్పుడు రాయాలని కూర్చున్నాను. మధ్యలో కొంత రేడియో శాస్త్రం వస్తుంది. చదువరులు ఓపిక పట్టాలి. అది లేకుండా ఈ కథ చెప్పడం నాకు చేతకాదు.

చార్మినారు నుండి లాడ్ బజారు గాజుల కొట్లన్నీ దాటి, మహబూబ్ చౌక్ గడియార స్తంభాన్ని వెనకేసుకుని పడమటికి నడిస్తే హుస్సేనీ ఆలం వస్తుంది. ఇమాం హుస్సేన్ పేరిట అక్కడ నిలిపిన అలం, అంటే మన వాడుకలో పీరు, ఆ పేటకు పేరైంది. ఆ పేటలో ఒక మలుపు గల్లీలో మా ఇల్లు. మందపాటి సున్నపు గోడలు, ఎండ పొద్దున పూట మాత్రమే పలకరించి పోయే చిన్న వాకిలి, పైన మిద్దె. నాన్నగారు పాతబస్తీలోనే ఒక ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితులు. ఇంట్లో తెలుగు, గడప దాటితే దక్కనీ. ఆ రెండింటి మధ్య తేడా ఉందన్న సంగతి నాకు చాలా ఏళ్ల దాకా తట్టనే లేదు.

నాన్నగారు తరగతిలో పద్యం ఎత్తుకుంటే పక్క గదిలోని పిల్లలు కూడా చెవులు రిక్కించేవారట. ఇంట్లో మాత్రం మితభాషి. ఒక వాక్యం చెప్పి ఆగేవారు. ఆ ఆగడం ఎంతసేపంటే, ఇక అయిపోయిందనుకుని మనం లేచి వెళ్లబోతుండగా రెండో వాక్యం వచ్చేది. అమ్మ దీనికి అలవాటు పడిపోయింది. ఆయన ఆగినప్పుడు కూరగాయలు తరగడం మొదలుపెట్టి, మళ్లీ మొదలుపెట్టినప్పుడు తలెత్తి చూసేది.

గల్లీ మొదట్లో రేడియో దుకాణం ఉండేది. దాని యజమానిని పేటంతా ఉస్తాద్ అనేది. నాకు చాచా. బడి వదిలాక నా నివాసం అక్కడే. తగరం కరిగే వాసన, రోజినం పొగ, వీపు విప్పి బోర్లా పడుకోబెట్టిన రేడియోలు. చాచా చిన్నతనంలో నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో విన్న మనిషి. 1935 ఫిబ్రవరి 3న మొదలైన ఆ కేంద్రం ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ భాషల్లోనూ మాట్లాడేది. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో కలిసిపోయింది. "సర్కార్ బదలీ, ఆవాజ్ నై బదలీ" అనేవారు చాచా. ఏలుబడి మారింది గాని గాలిలో గొంతు అదే అని ఆయన భావం.

మాట రేడియోలోకి ఎలా వస్తుందని నేనొకనాడు అడిగాను. నాకు అప్పటికి పదకొండేళ్లు ఉంటాయేమో. చాచా స్క్రూడ్రైవరు కింద పెట్టి, "ఆవాజ్ పైదల్ కిత్తా దూర్ జాతీ మియా? సవారీ హోనా" అన్నారు. గొంతు కాలినడకన ఎంత దూరం పోగలదు, బండి కావాలి గదా అని. తరువాత ఇంజనీరింగులో నాలుగేళ్లు చదివిన పాఠానికి అంతకన్నా మంచి తొలిపలుకు నాకు దొరకలేదు. వెయ్యి హెర్ట్జ్‌ల స్వరాన్ని విద్యుత్తుగా మార్చి నేరుగా ఆకాశంలోకి విడవాలంటే, దాని తరంగం పొడవు 300 కిలోమీటర్లు. అందులో నాలుగో వంతు ఎత్తున్న ఏరియల్ కావాలన్నా 75 కిలోమీటర్ల స్తంభం నిలబెట్టాలి. అదే 738 కిలోహెర్ట్జ్‌ల తరంగమైతే, అంటే మా హైదరాబాదు 'ఏ' కేంద్రానిదైతే, దాని పొడవు 406 మీటర్లు. నాలుగో వంతు అంటే నూరు మీటర్ల స్తంభం. అది మనిషి కట్టగలిగినది. అందుకని మాటను ఆ వేగవంతమైన తరంగం మీద ఎక్కిస్తారు. మోసే తరంగం వాహకం. మాట హెచ్చుతగ్గులను బట్టి ఆ వాహకపు ఎత్తు హెచ్చుతూ తగ్గుతూ ఉంటే, అది ఏఎమ్. ఎత్తు మారకుండా పౌనఃపున్యం అటూ ఇటూ ఊగితే, అది ఎఫ్ఎమ్. పాఠం అంతే. మిగిలిందంతా లెక్కలు.

ఇంకొక పాఠం కూడా చాచాయే చెప్పారు. ఒక కార్యక్రమం ముగిసి రెండోది మొదలయ్యే లోపల కొన్ని క్షణాలు నిశ్శబ్దం ఉండేది. నేను కేంద్రం ఆగిపోయిందనుకుని ముల్లు తిప్పబోతే చేయి పట్టుకున్నారు. "సున్ బేటా. స్టేషన్ హై. చుప్ బైఠా హై." విను, కేంద్రం అక్కడే ఉంది, ఊరకే కూర్చుంది. ముల్లును కొద్దిగా పక్కకు జరిపి చూపించారు, బుస్సుమని హోరు. మళ్లీ చోటికి తెచ్చారు, హోరు అణిగి మెత్తని నిశ్శబ్దం. ఏమీ లేని చోట గోల, ఎవరో ఉన్న చోట శాంతి. మాట లేకపోయినా వాహకం వస్తూనే ఉంది గనక రేడియో దాన్ని పట్టుకుని తన గొంతు తగ్గించుకుంటోంది. ఆ తేడా వినడం నాకు ఆనాడు అలవడింది.

*

1990 డిసెంబరు. పాతబస్తీలో ఆ నెల ఎలా గడిచిందో అక్కడ ఉన్నవారికి చెప్పనక్కరలేదు, లేనివారికి చెప్పి ఒప్పించలేం. నేను చెప్పేది ఒక్క రేడియో సంగతి.

అల్లర్లు మొదలు కావడానికి ముందురోజే నేను మా ఇంటి మర్ఫీ రేడియో విప్పాను. నాన్నగారికి చెప్పలేదు. లోపల చిన్న చిన్న లోహపు డబ్బీలు, వాటి నెత్తిన ఎర్రగా, పచ్చగా, తెల్లగా మరలు. వాటిని తిప్పవద్దని చాచా నూరుసార్లు చెప్పారు. నూటొకటోసారి చెప్పలేదని కాబోలు, తిప్పాను. ఒక మర లోపల చిట్లింది. వెంట్రుకకన్నా సన్నని తీగ తెగింది. రేడియో మూగబోయింది. రేపు చాచా దుకాణానికి తీసుకుపోదామని మళ్లీ మూత బిగించి, ఏమీ ఎరగనట్లు అల్మారా మీద పెట్టాను. ఆ రేపు రాలేదు. కర్ఫ్యూ వచ్చింది.

మొదటి సాయంత్రం నాన్నగారు వార్తలకని మీట తిప్పారు. ఏమీ రాలేదు. బ్యాటరీలు తీసి, తుడిచి, మళ్లీ వేశారు. నేను గోడవైపు చూస్తున్నాను. ఆయన నన్నొకసారి చూసి, "నువ్వేనా?" అన్నారు. నేను తల ఊపాను. తిడతారనుకున్నాను. చాలాసేపు ఆగి, "సరే" అన్నారు. ఆ రోజుల్లో మా నానమ్మకు ఉబ్బసం. మాత్రలు మూడు రోజులకు మించి లేవు. కర్ఫ్యూ ఎప్పుడు సడలిస్తారో తెలిస్తే తప్ప నాన్నగారు గల్లీ దాటలేరు. పోలీసుల మైకు పెద్ద రోడ్డు మీదే తిరిగేది. మా మలుపు దాకా అది చేరేసరికి మాట పోయి గర్జన మాత్రమే మిగిలేది.

చాచా ఇల్లు మా మిద్దెకు ఎదురు మిద్దె. మధ్యలో గల్లీ ఎనిమిది అడుగులు. మరునాడు పొద్దున నేను పిట్టగోడ మీది నుండి గొంతు తగ్గించి సంగతి చెప్పాను. ఆయన నవ్వారు. తన రేడియోలన్నీ దుకాణంలో ఉన్నాయి, దుకాణానికి తాళం ఉంది, తాళానికి కర్ఫ్యూ ఉంది. ఉస్తాద్ ఇంట్లో వినడానికి ఒక్క రేడియో లేదు! లోపలికి వెళ్లి కాసేపటికి వచ్చారు. ఒక రుమాలులో ఏదో మూటకట్టి, రాయి ఒకటి బరువుకు పెట్టి మా మిద్దె మీదికి విసిరారు. విప్పితే ఈ డయోడు, చెవిలో పెట్టుకునే ఒక చిన్న క్రిస్టల్ ఇయర్‌ఫోను. "బ్యాటరీ భీ నక్కో. బనా" అన్నారు. బ్యాటరీ కూడా వద్దు, తయారుచెయ్.

ఎలా చేయాలో ఆయన అటునుండి చెబుతుంటే ఇటు నేను చేశాను. పాడైన మర్ఫీలోంచే ఫెరైటు కడ్డీ మీది తీగచుట్టను, ముల్లు తిప్పే గ్యాంగ్ కండెన్సరును తీసుకున్నాను. అవి రెండూ జతగా ఉంటే ఒక్క పౌనఃపున్యానికే స్పందిస్తాయి. బట్టలు ఆరేసే ఇనుపతీగ ఏరియల్. నల్లా గొట్టం ఎర్తు. నడుమ డయోడు. డయోడు చేసే పని చాలా చిన్నది. తరంగంలో పైసగాన్ని పోనిచ్చి, కిందిసగాన్ని ఆపేస్తుంది. మిగిలిన పైసగం అంచును చెవి వింటే అదే మాట. టంకం లేదు, తీగలు పళ్లతో ఒలిచి మెలిపెట్టాను. ముల్లు మెల్లగా తిప్పుతుంటే, ఎక్కడో నూతిలోంచి వచ్చినట్లు ఒక మనిషి గొంతు.

నాన్నగారిని పిలిచాను. ఆయన పిట్టగోడ పక్కన చతికిలబడి, ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకుని, రెండో చెవి అరచేత్తో మూసుకుని కళ్లు మూసుకున్నారు. సాయంత్రం ప్రాంతీయ వార్తల్లో సడలింపు గంటలు చెప్పారు. నాన్నగారు లేచి నిలబడి, ఎదురు మిద్దె మీద ఎదురుచూస్తున్న చాచాకు ఉర్దూలో ఆ గంటలు చెప్పారు. చాచా తన వెనక మిద్దెకు చెప్పారు. అక్కడి నుండి ఇంకొకరు. తెలుగులో వచ్చిన వార్త మిద్దెల మీదుగా ఉర్దూలో గల్లీ చివరిదాకా నడిచి వెళ్లడం నేను కళ్లారా చూశాను. మరునాడు సడలింపు గంటలో నాన్నగారు, చాచా కలిసే బయటికి వెళ్లి కలిసే తిరిగొచ్చారు. నానమ్మ మాత్రలు తెచ్చారు. రాత్రి భోజనాల దగ్గర నాన్నగారు నా కంచం వైపు చూసి, "బాగా చేశావు" అన్నారు. ఆగారు. "విప్పే ముందు అడుగు" అన్నారు.

*

ఇంజనీరింగులో ఎలక్ట్రానిక్స్ తీసుకున్నాను. మాడ్యులేషను పాఠాలు చెప్పిన ఆచార్యులు ఏఎమ్ దగ్గర ఒక లెక్క వేసి చూపించారు. వాహకం మీద ఒక స్వరాన్ని ఎక్కించగలిగినంతా, నూటికి నూరుపాళ్లు ఎక్కించినా, ట్రాన్స్‌మిటరు ఖర్చు చేసే శక్తిలో మూడింట రెండు వంతులు వాహకానికే పోతుంది. మాట ఉండేది దానికి రెండు పక్కలా పుట్టే పక్కపట్టీలలో. ఆ రెండూ ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలు గనక ఒకటి చాలు. అంటే ఆరింట ఒక వంతుతో అయ్యే పనికి ఆరు వంతులూ తగలేస్తున్నాం. వాహకాన్నీ ఒక పక్కపట్టీనీ తీసేసి పంపే పద్ధతి ఎస్ఎస్‌బీ. హామ్ రేడియో వాళ్లు దానితోనే కొద్ది వాట్లతో ఖండాలు దాటుతారు. "వాహకం ఏ సమాచారమూ మోయదు. అది శుద్ధ దండగ" అన్నారు ఆచార్యులు. నేను రాసుకున్నాను. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ దండగ ఉండబట్టే ఒక్క డయోడుతో, బ్యాటరీ లేకుండా, పదమూడేళ్ల పిల్లవాడు కర్ఫ్యూలో వార్తలు వినగలిగాడన్న సంగతి అప్పుడు నాకు జ్ఞాపకం రాలేదు. ఎస్ఎస్‌బీని వినాలంటే అక్కడ తీసేసిన వాహకాన్ని ఇక్కడ మళ్లీ పుట్టించి కలపాలి. అది ఓఏ79 వల్ల అయ్యే పని కాదు.

తరువాత ఎఫ్ఎమ్. ఆకాశపు ఉరుములు, మోటార్ల నిప్పురవ్వలు తరంగం ఎత్తునే చెడగొడతాయి గనక, ఎత్తులో మాట దాచకపోతే చాలునని 1933లో పేటెంట్లు పొందిన ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఊహ. దానికోసం వ్యాజ్యాలతో అలసిపోయి 1954లో ఆయన ప్రాణం తీసుకున్నాడు. ఆపైన డిజిటల్. నాకు చెన్నైలో మొబైల్ ఫోన్ల సాఫ్ట్‌వేరు రాసే ఉద్యోగం దొరికింది. హోరు అనేది శత్రువు, దాన్ని జయించడం మా వృత్తి.

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు చాచా అడిగారు, ఫోనులో గొంతు ఎలా పోతుందని. ఇప్పుడు చెప్పే వంతు నాది. "గొంతు పోదు చాచా, లెక్కలు పోతాయి" అన్నాను. మాటను సెకనుకు 50 ముక్కలు చేస్తాం. ఒక్కొక్క ముక్కను 260 సున్నాలూ ఒకట్లుగా రాస్తాం. ఆ 260 సమానం కావు. అన్నిటికన్నా ముఖ్యమైనవి 50. వాటికి గట్టి కాపలా. తరువాతి 132కు మామూలు కాపలా. చివరి 78కి ఏ రక్షణా లేదు, పోతే పోనీ. కాపలా బిట్లతో కలిపి 456 అవుతాయి. వాటిని ఎనిమిది పొట్లాలుగా కట్టి, ఒక పొట్లం దారిలో పోయినా మిగతావాటినుండి ఊహించుకునేలా పేర్చి పంపుతాం. తరంగం ఎత్తు మారదు, దాని దశ మాత్రం ముందుకో వెనక్కో జరుగుతుంది, అదే మాడ్యులేషను. చాచా అంతా విని, "ఆ యాభైయే చెడిపోతే?" అన్నారు. "ఆ ముక్క పారేసి, దాని ముందు వచ్చిన ముక్కనే ఫోను మళ్లీ వినిపిస్తుంది. వరసగా పోతూ ఉంటే గొంతు తగ్గిస్తూ, సెకనులో మూడో వంతు గడిచేసరికి మౌనమైపోతుంది" అన్నాను. చాచా పకపకా నవ్వారు. "చెవిటివాడు పెళ్లిలో తల ఊపినట్లు!" అన్నారు.

నేను ఆయనకు ఇంకొకటి కూడా చెప్పాను, గొప్పగా. మనిషి ఫోనులో మాట్లాడేది సగం సేపే, మిగతా సగం వింటాడు. ఆ సేపు తరంగం పంపడం దండగ. అందుచేత మాట లేదని తెలియగానే ఫోను తన ట్రాన్స్‌మిటరును ఆపేస్తుంది. బ్యాటరీ మిగులుతుంది. ఏఎమ్ కేంద్రంలా ఊరకే కూర్చుని కరెంటు తగలెయ్యదు. చాచా ఈసారి నవ్వలేదు. "మరి అటువైపు మనిషి ఉన్నాడని వినేవాడికి ఎలా తెలుస్తుంది?" అన్నారు.

"దానికీ ఉపాయం ఉంది చాచా. పూర్తి నిశ్శబ్దం వింటే జనం ఫోను తెగిపోయిందనుకుంటున్నారు. అందుకని వినేవాడి ఫోనే ఒక మెత్తని హోరు పుట్టించి వినిపిస్తుంది. ఊరడింపు హోరు."

"ఝూటీ సాంస్" అన్నారు చాచా. దొంగ ఊపిరి.

*

2002లో అమ్మ పోయింది. నాన్నగారు హుస్సేనీ ఆలం వదిలి రానన్నారు. ఒక మొబైల్ కొనిచ్చాను. దాన్ని ఆయన రేడియో పట్టుకున్నట్లు రెండు చేతులతో పట్టుకునేవారు. ప్రతి ఆదివారం రాత్రి మాట్లాడుకునేవాళ్లం. మాట్లాడుకోవడమంటే, ఆయన ఒక వాక్యం, ఒక విరామం, నా వాక్యం, ఇంకొక విరామం. విరామాల్లో వినిపించే ఆ సన్నని హోరు నాకు ఇష్టంగా ఉండేది. మా గది, మా పంకా, మా గల్లీ అనుకునేవాణ్ణి. అది నా ఫోను పుట్టిస్తున్న హోరని తెలిసినవాణ్ణే, ఆ కోడెక్ రాసే వృత్తిలో ఉన్నవాణ్ణే. తెలిసినంత మాత్రాన మనసు వినదు గదా.

2004లో ఒక ఆదివారం. ఆయన బడిలో తన పాత విద్యార్థి ఎవరో కనిపించాడని చెబుతున్నారు. "వాడు ఇప్పుడు..." అని ఆగారు. నేను ఎదురుచూశాను. సన్నని హోరు. అలవాటైన విరామమే. టీవీలో ఏదో ఆట వస్తోంది, దాన్ని చూస్తూ చెవిన ఫోను పెట్టుకుని కూర్చున్నాను. నిమిషం గడిచిందో, ఎక్కువే గడిచిందో. లైను తెగిపోయింది. మళ్లీ చేశాను, ఎత్తలేదు. ఆ మందపు గోడల మధ్య సిగ్నల్ ఎప్పుడూ అంతే. ఇంకోసారి చేసి, రేపు చూద్దామని పడుకున్నాను.

చాచా ఇంటి నంబరు నా దగ్గర ఉంది. ఎనిమిది అడుగుల గల్లీ. ఒక్క మాట చెబితే ఆయన వెళ్లి తలుపు తట్టేవారు. చెయ్యలేదు. నేను రాయాలనుకున్నది ఈ వాక్యమే. మిగిలినదంతా దీని చుట్టూ కట్టిన గోడ.

పొద్దున పేపరు చదువుకోవడానికి వచ్చిన చాచాకు నాన్నగారు మంచం పక్కన నేల మీద కనిపించారు. పక్షవాతం. నేను చేరేసరికి ఆసుపత్రిలో ఉన్నారు. మాట పూర్తిగా పోయింది. కుడివైపు కదలదు. కళ్లు తెరిచే ఉన్నాయి. నాలుగు రోజులు బతికారు. ఆ నాలుగు రోజులూ నేను మంచం పక్కన కూర్చుని ఏదేదో చెప్పాను. క్షమించమని కూడా చెప్పాను. జవాబు లేదు. రెండో రాత్రి చాచా ఒక చిన్న ట్రాన్సిస్టరు తెచ్చి, గొంతు బాగా తగ్గించి తలగడ దగ్గర పెట్టారు. కార్యక్రమాల మధ్య నిశ్శబ్దం వచ్చినప్పుడు నేను అప్రయత్నంగా ముల్లు మీద చెయ్యి వేశాను. చాచా నా చెయ్యి పట్టుకున్నారు. ఈసారి ఏమీ అనలేదు. నాన్నగారి వైపు చూశారు. ఎడమ చెయ్యి నా చేతి మీద ఉంది. వెచ్చగా ఉంది. మాట లేదు, మనిషి ఉన్నారు. మూడింట రెండు వంతులు అక్కడే ఉంది.

*

తరువాత చాలా నెలలు ఫోనులో విరామం వస్తే నాకు ఊపిరి ఆడేది కాదు. ఆ ఆదివారం నేను విన్నది నా సొంత ఫోను చప్పుడే గదా, దొంగ ఊపిరిని వింటూ ఆట చూశాను గదా అనుకునేవాణ్ణి. ఒక రాత్రి ఆఫీసులో ఆ ప్రమాణపత్రం మళ్లీ తీశాను, నేరస్థుడు తన మీది అభియోగపత్రం చదువుకున్నట్లు. అంతకుముందు నేను పని కోసం చదివి దాటేసిన భాగమే. మాట లేనప్పుడు ట్రాన్స్‌మిటరు ఆగుతుంది, నిజమే. కానీ పూర్తిగా ఆగదు. ప్రతి 480 మిల్లీసెకన్లకు ఒకసారి లేచి ఒక చిన్న ముక్క పంపుతుంది. అందులో మాట ఉండదు. పంపేవాడి చుట్టూ ఉన్న చప్పుడు ఎంత గట్టిగా ఉంది, ఏ రంగులో ఉంది అన్న వర్ణన ఉంటుంది. వినేవాడి ఫోను దాన్ని చూసి ఆ వర్ణనకు తగిన హోరును అల్లుతుంది. హోరు నా ఫోనుదే. దాని వర్ణన మాత్రం ఆ గదినుండి వచ్చింది. ఆ నిమిషంపాటు, సెకనుకు రెండు చొప్పున, మా పంకా సంగతి, మా గల్లీ సంగతి నాకు చేరుతూనే ఉన్నాయి. 1900 డిసెంబరులో రెజినాల్డ్ ఫెసెండెన్ తొలిసారి రేడియో మీద గొంతు పంపినప్పుడు, మైలు దూరంలో ఉన్న తన సహాయకుణ్ణి అక్కడ మంచు కురుస్తోందా అని అడిగాడంటారు. మీ దగ్గర ఎలా ఉంది? ఆ ప్రశ్నకు జవాబు మాట లేకుండానే నాకు వస్తూ ఉంది.

ఇది ఊరట అని నేను అనను. ఆ ముక్క గది సంగతి చెబుతుంది, గదిలో మనిషి ఎలా ఉన్నాడో చెప్పదు. ఉన్నాను అన్నంత మాత్రాన బాగున్నాను అని కాదు. కేంద్రం ఊరకే కూర్చుందా, కుప్పకూలిందా అన్నది ముల్లు దగ్గర కూర్చున్నవాడు కనుక్కోవలసిందే. ఏ మాడ్యులేషను పద్ధతీ ఆ పని వినేవాడి తరఫున చేసిపెట్టదు. అప్పటినుండి నా వాళ్లెవరైనా మాటమధ్య ఎక్కువసేపు ఆగితే పేరు పెట్టి పిలుస్తాను. నవ్వుతారు. నవ్వనీ.

చాచా 2011లో పోయారు. ఆయన దుకాణంలో ఇప్పుడు ఫోన్ల గాజులు, కవర్లు అమ్ముతున్నారు. గత దశాబ్దంలో ఆకాశవాణి దేశమంతటా ముప్పైకి పైగా మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను డీఆర్ఎమ్ అనే డిజిటల్ పద్ధతికి సిద్ధం చేసింది. మా 738 వాటిలో ఒకటి. డిజిటల్ ప్రసారాన్ని పాత రేడియోతో వింటే వాన కురుస్తున్నట్లు హోరు తప్ప ఏమీ రాదు. ఓఏ79కు ఇక అక్కడ పనిలేదు. దీన్ని చూసి నేను పాతదే మంచిదని శోకాలు పెట్టడం లేదు. డీఆర్ఎమ్ ఒక వాహకానికి బదులు ఎన్నో సన్నని వాహకాలను పక్కపక్కన పేర్చి, ఒక్కొక్కదాని ఎత్తులోనూ దశలోనూ అంకెలు నింపుతుంది. అదే చోటులో ఇంకా శుభ్రమైన ధ్వని వస్తుంది. తెలివైన పద్ధతి.

అయితే ఆ పద్ధతిలోనూ కొన్ని గళ్లు ఖాళీగా ఉంచుతారు. వాటిలో వార్త ఉండదు, పాట ఉండదు. ఇంత ఎత్తు, ఇంత దశ అని అటూ ఇటూ ముందే ఒప్పుకున్న గురుతు మాత్రం ఉంటుంది. దారిలో తరంగం ఎంత చెడిందో దాన్ని చూసే రేడియో అంచనా కడుతుంది. ఆ గళ్లు లేకపోతే మిగతా గళ్లలో రాసినది చదవడమే కుదరదు. నేటి 4జీ, 5జీ ఫోన్లలోనూ అంతే. దండగ అని ఆచార్యులు కొట్టేసిన దాన్ని, వేరే పేరుతో, కొంచెం కొంచెంగా, అందరూ మళ్లీ తెచ్చుకున్నారు.

పోయిన నెల హుస్సేనీ ఆలం వెళ్లాను. మా ఇల్లు వేరేవారిది. బతిమాలితే మిద్దె ఎక్కనిచ్చారు. బట్టల తీగ ఉన్నచోట నీళ్ల ట్యాంకు ఉంది. ఎదురు మిద్దె మీద చాచా మనవరాలు ఫోను చెవిన పెట్టుకుని నిలబడి ఉంది. ఏమీ మాట్లాడటం లేదు, వింటోంది. నన్ను చూసి తల ఊపింది. నేనూ తల ఊపి, జేబులోని అగ్గిపెట్టెను ఒకసారి తడిమి చూసుకుని, మెట్లు దిగి వచ్చేశాను.